తెల్లని బొచ్చు – వినని చెవి

కుక్కపిల్లను కొనబోవు గృహస్థుడు మొట్టమొదట నడుగు ప్రశ్న యేది? దాని తల్లి యెట్టిది, తండ్రి యెట్టిది యని గాదు. అది రెండు చెవులతోను వినుచున్నదా యని యంతకంటెను గాదు. “ఏ రంగుపిల్లలున్నవి?” అనునదియే తొలిమాట. పాలవంటి తెలుపు కావలెనని యొకరు, చుక్కలు గుండ్రముగ విడివిడిగ నుండవలెనని యొకరు, ఒక కన్ను నీలముగను ఒంటిపై బూడిదమరకలతోను ఉన్న పిల్ల దొరకినయెడల ఎంతయైన నిత్తుమని మఱియొకరు. చీర కొనుటకు అంగడికి బోయినవారడుగు మాటలకును, ప్రాణము గల జంతువును ఇంటికి దెచ్చుకొనువారడుగు మాటలకును భేదమించుకయు గానరాదు. పైగా చీర కొనువారు నేతను వ్రేళ్ళతో బట్టి చూతురు; రంగు నిలుచునా యని యడుగుదురు. కుక్కపిల్లను కొనువారాపాటి పరీక్షయైనను చేయరు.

ఇది చిన్న ముచ్చట గదా, దీనికై యొక వ్యాసము వ్రాయనేల యని కొందఱు నవ్వవచ్చును. చిన్న ముచ్చటయే యైనచో నేనును నవ్వి యూరకుందును. కాని కుక్క యొంటి రంగు పైని పూసిన పూత కాదు. అది దాని పుట్టుకతో, నరములతో, చెవి నిర్మాణముతో ముడివడిన విషయము. ఆ ముడిని విప్పి చూడక, కంటికి నచ్చిన వన్నెనే తరతరములుగ ఎన్నుకొనుచు వచ్చినవారు, తమకు దెలియకుండ చెవిటితనమును గూడ నెన్నుకొనుచు వచ్చిరి. తెలియనినాడది యజ్ఞానము. తెలిసిన పిమ్మటను మానకుండుట క్రూరత్వము. ఆ క్రూరత్వమునకు మూలధనము పెట్టుచున్నవారు పిల్లలను తీయించి యమ్మువారు మాత్రమే కారు. రంగు నడిగి కొనుచున్న మనమే. ఈ వ్యాసమున నేను స్థాపింపదలచినది యిదియే.

మొదట రంగు ఎట్లు గలుగునో తెలిసికొందము. కుక్కలలో నెన్ని వన్నెలు కన్పట్టినను వానికన్నిటికిని మూలమైన వర్ణద్రవ్యములు రెండే. ఒకటి నలుపు, అది మాఱినను పలుచబడినను గోధుమవన్నెయు బూడిదవన్నెయు నేర్పడును. రెండవది యెఱుపు, అది తగ్గినకొలది పసుపును మీగడవన్నెయు నగును. ఏ రోమమున ఏది యెంత నిలువవలయునో కొన్ని జన్యువులు నిర్ణయించును. పులిచారలును, వీపుపై నల్లని జీనును, కన్నులపై గోధుమచుక్కలును అన్నియు నీ రెంటి పంపకము వలన గలిగినవే.

తెలుపు మాత్రము వేఱు. తెలుపను వర్ణద్రవ్యము లేదు. పిండము తల్లిగర్భమున నున్నప్పుడు, వెన్నెముక యేర్పడు తావున, నాడీమండలమునకు మూలమైన యంచునుండి వర్ణకణములు పుట్టి ప్రక్కలకు దిగును. రొమ్మునకును, కాళ్ళ చివరలకును, తోకకొనకును, నుదుటికిని ప్రయాణము చేయును. చెఱువు క్రింద నీరు చాలనియేట కాలువ మొదటి మళ్ళు తడిసి చివరి మళ్ళు ఎండిపోవుట మన రైతులెఱుగని విషయము కాదు. ఇచటను నట్లే. కణములు కొఱతపడినప్పుడు గాని ఆలస్యముగ బయలుదేరినప్పుడు గాని కడపట జేరవలసిన చోట్లు తెల్లగ మిగిలిపోవును. మన వీధికుక్కలలో నొడలెల్ల ఎఱ్ఱగనో నల్లగనో యుండి, రొమ్మున నొక తెల్లమచ్చయు, పాదములకు తెల్లని తొడుగులును, తోకకొనను తెలుపును గలవి యన్ని యుండుటకు గారణమిదియే. కొఱత మిక్కిలి యధికమైనప్పుడు ఒడలెల్ల తెల్లనగును.

రంగు దేహముతో నెంత గాఢముగ పెనవేసికొని యున్నదో తెలుపు దృష్టాంతమొకటి చెప్పెదను. 1959లో సోవియట్ దేశమున నోవోసిబిర్స్క్ నగరము చెంత బెల్యాయెవ్ అను శాస్త్రజ్ఞుడు వెండినక్కలలో మనుష్యునకు బెదరనివానిని మాత్రమే యేరి పెంచు ప్రయత్నము నారంభించెను. రంగును బట్టి యేఱుట యచట లేదు. ఐనను కొన్ని తరములు గడచునప్పటికి నుదుట తెల్లచుక్క గల పిల్లలు పుట్టసాగెను. సాధుత్వమునెన్నుకొనగా తెలుపు పిలువకయే వెంట వచ్చెను. ఒకదానినెన్నుకొన్నప్పుడు దానితో ముడివడిన మఱియొకటియు వచ్చుట ప్రకృతి ధర్మము. అట్లైనచో తెలుపునే పట్టుబట్టి యెన్నుకొన్నప్పుడు దానివెంట వచ్చునదేమి?

లోచెవిలో నత్తగుల్లవలె మెలిదిరిగిన భాగమొకటి కలదు. దాని గోడలో రక్తనాళములు నిండిన పొరయందు గూడ వర్ణకణములు నివసించును. చీకటిగుహ వంటి చెవిలో రంగుతో పనియేమి యని తోచవచ్చును. అవియచటనున్నది రంగు కొఱకు గాదు. చెవిలోని ద్రవమున లవణముల పాళ్ళను, వానివలన గలుగు విద్యుచ్ఛక్తిని నిలిపియుంచుట వాని పని. ఆ కణములచటికి జేరనిచో, పిల్ల పుట్టిన మూడు నాలుగు వారములలోనే యాపొర క్షీణించును. శబ్దమును గ్రహించు సూక్ష్మకణములు చచ్చును. చచ్చినవానిని మఱి యేమందును బ్రతికింపజాలదు. చర్మము తెలుపైనప్పుడెల్ల చెవియు శూన్యమగునని కాదు. కాని యెక్కడెక్కడ నీ కొఱత వలన తెలుపు పెరుగునో అక్కడక్కడ చెవుడును పెరుగును. ఇది నిన్నటి మాటయు గాదు. నీలికన్నుల పిల్లులు చెవిటివని డార్విను 1859లో ప్రకటించిన తన గ్రంథమునందే చెప్పియున్నాడు.

ఇచట నొక భేదమును జాగ్రత్తగ గ్రహింపవలెను. లేనిచో న్యాయమైన వాదము గూడ మూఢనమ్మకమగును. తెల్లకుక్కలన్నియు నొక్కటి కావు. ఉత్తరసీమల సమోయెడ్ కుక్క తెల్లనిదే; కాని దాని ముక్కు నల్లన, పెదవి నల్లన, కనుఱెప్పల యంచు నల్లన. దానికి వర్ణకణములు సమృద్ధిగనే యున్నవి. అవి చేయు ఎఱుపుద్రవ్యము మిక్కిలి పలుచబడుటచే బొచ్చు తెల్లగ నగపడుచున్నది. అట్టి తెలుపునకును చెవిటితనమునకును సంబంధము లేదు. ముక్కును గులాబివన్నెయై, పెదవియు కనుఱెప్పలును గూడ రంగు లేనివైయున్న తెలుపు వేఱు. అది కణములే చేరని తెలుపు. మనము మెచ్చుకొను గులాబిముక్కు అందమునకు చిహ్నము గాదు. లోపలి లేమికి బయట గట్టిన పలక.

ఇప్పుడు మనకు జుట్టఱికము గల యొక జాతిని దలచుకొందము. తమిళనాడున విరుదునగరు జిల్లాలో, పడమటి కనుమల పాదమున, రాజపాళయమను పట్టణము కలదు. విజయనగరపు కాలమున తెలుగుదేశమునుండి తరలిపోయి యచట స్థిరపడిన రాజుల వంశములవారు నేటికిని ఇండ్లలో తెలుగు మాటాడుచున్నారు. ఆ యూరిపేరనే ప్రసిద్ధికెక్కిన వేటకుక్క రాజపాళయము కుక్క. పొడవైన కాళ్ళు, లోతైన రొమ్ము, బిగువైన నడుము, యజమానుని తప్ప నితరుని లెక్కింపని స్వభావము దాని గుణములు. 2005లో భారత తపాలాశాఖ వారు నాలుగు దేశవాళి జాతులకు బిళ్ళలు వేసినప్పుడు అందులో నిదియు నొకటి. 2020 ఆగస్టున ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున స్వదేశపు కుక్కలను బెంచుడని చెప్పుచు దీని పేరును బేర్కొనెను. ఇట్టి జాతి నిలుచుట మనకందఱకును సంతోషమే.

ఐతే ఆ జాతిలో మెచ్చుకోలు గాంచిన రూపమేది? పాలతెలుపు బొచ్చు, గులాబి ముక్కు, బంగారువన్నె కన్నులు. ఆ జాతిలో నలుపును గోధుమయు మచ్చలును గల పిల్లలును పుట్టుచుండును. తెలుపుమీది మోజుచే రంగుపిల్ల పుట్టినప్పుడు దానిని పుట్టినవెంటనే యేఱివేయు నాచారము పూర్వమచట మెండుగ నుండెను. ఈ జాతిలో చెవుడు తఱచుగ గన్పట్టుచున్నదను మాట దానిని బెంచువారెఱుగనిది కాదు. ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. ఏ పిల్లల చెవులలో వర్ణకణములు నిండియుండుట కెక్కువ యవకాశము గలదో ఆ పిల్లలనే మట్టిలో గలిపి, ఏ పిల్లలకది తక్కువయో వానినే పట్టుబట్టి నిలిపి, పిమ్మట “మా జాతిలో చెవుడేల వచ్చెనో” యని విచారించిరి. విత్తనపు గింజలను దంచుకొని తిని, తాలుగింజలను మడిలో జల్లి, పంట రాలేదని యేడ్చువాని కథకును దీనికిని భేదమేమి?

వారు దుర్మార్గులని నేననుట లేదు. వారు కుక్కను ప్రాణముగ జూచుకొన్నవారే. ప్రేమ యున్నను విచారణ లేనిచో నెంతటి చేటు గలుగునో చూపుటకే యీమాట చెప్పితిని. వేటకుక్కకు గావలసినవి కాలు, కన్ను, ముక్కు, చెవి. ఈ నాలుగింటిలో నొకదానిని ఒంటి రంగునకై పణముగ బెట్టుట, గుఱ్ఱపు కాలు విఱిచి దానికి బంగారు జీను వేయుట వంటిది.

ఈ యవివేకము మన దేశమునకు మాత్రమే చెల్లినది కాదు. పాశ్చాత్యులు తమ శాస్త్రజ్ఞానమును జూచి గర్వింతురు గావున వారి యింటి కథను గూడ విప్పవలెను. డాల్మేషియను అను చుక్కలకుక్క నెఱుగనివారు లేరు. మన నగరములలోను దానిని బెంచువారున్నారు. దాని పిల్లలు తెల్లగ బుట్టును. రెండు వారములు గడచునప్పటికి చుక్కలు తేలనారంభించును. అమెరికాలో పెద్దసంఖ్యను బరీక్షించి చూడగా నూటికి 8 పిల్లలు రెండు చెవులను, 22 పిల్లలు ఒక చెవిని వినలేనివైయున్నట్లు తేలినది. అనగా పదింట మూడు. కొన్ని పిల్లలకు మాత్రము పుట్టుకతోనే చెవిమీదనో కంటిచుట్టునో పెద్ద నల్లమచ్చ యుండును. అట్టివానిలో చెవుడు తక్కువ. నీలికన్ను గలవానిలో నెక్కువ. ప్రకృతి తానే “దీనికి వినికిడి గలదు” అని నల్లసిరాతో వ్రాసి పంపినట్లున్నది. మఱి యమెరికా ప్రదర్శన నియమములు చెప్పునదేమి? పుట్టుమచ్చ గల కుక్క పోటీకి దగదు, బయటికి బొమ్మనుచున్నవి. రాజపాళయమున జదువు లేనివారి యాచారమని మనము చప్పరించినదియే, యచట నచ్చువేసిన నియమమైనది.

ఆ చుక్కలకుక్క కథలో మఱియొక యధ్యాయము కలదు. ఇతర కుక్కల కాలేయము యూరిక్ ఆమ్లమును సులభముగ గరగు మఱియొక పదార్థముగ మార్చి బయటికి పంపును. డాల్మేషియనులలో నీ పని సరిగా జరుగదు. అందుచే మూత్రకోశమున రాళ్ళు పుట్టును. మగకుక్కలలో నవి మార్గమునకడ్డుపడినయెడల వేదన వర్ణనాతీతము, సకాలమున చికిత్స లేనిచో మరణము. ఈ దోషము జాతిలో నేదో కొన్నింటికి గాక, శుద్ధమైనవని చెప్పబడువానికన్నిటికిని వ్యాపించియుండెను. 1973లో అమెరికాలో షైబుల్ అను జన్యుశాస్త్రజ్ఞుడు ఒక డాల్మేషియనును పాయింటరు జాతికుక్కతో గలిపి, ఆ సంతానమును మరల డాల్మేషియనులతోనే తరతరమును గలుపుచు వచ్చెను. ప్రతితరమున పాయింటరు రక్తము సగము తగ్గును. పదవతరమునకు వేయింట నొకవంతునకు లోపడును. మిగులునదొక్కటే, రాళ్ళు పుట్టనీయని మంచి జన్యువు. పెద్దపెద్ద స్పష్టమైన చుక్కలకై తరతరములుగ నేఱుటవలననే చెడ్డ జన్యువు జాతియంతట వ్యాపించినదని ఆయన యభిప్రాయము. అనగా చుక్క యందమునకు వెల మూత్రకోశమున గట్టబడినది!

ఇంతటి యుపకారమును ఆ జాతి ప్రేమికులు పూలమాలలతో నెదుర్కొనిరా? 1981లో అమెరికను కెన్నెల్ క్లబ్బువారు ఇట్టి కుక్కలను రెంటిని నమోదు చేసికొనిరి. వెంటనే డాల్మేషియను సంఘమున గగ్గోలు పుట్టెను. జాతి మలినమగుచున్నదనిరి. చుక్కలు చిన్నవగుచున్నవనిరి. ఆ కుక్కల సంతానమునకు నమోదు నిలిచిపోయెను. మరల ద్వారము తెఱచుకొన్నది 2011లో. అనగా 30 ఏండ్లు. ఆ జన్యువేదో 2008 నాటికి పరిశోధకులు కనిపెట్టి చూపిన పిమ్మట గాని సంఘముల మనసు గరగలేదు. ఈ 30 ఏండ్లలో రాళ్ళతో మూల్గిన కుక్కల యాక్రందనము జాతిశుద్ధిని గాపాడువారి చెవులకు జేరలేదు. చెవిటితనము కుక్కలకు మాత్రమే గాదు గదా!

ఐనను కడకు ద్వారము తెఱచుకొన్నది. ఇందులో మనకు గొప్ప యాశ గలదు. బ్రిటనునను 2010లో నిట్టి కుక్క నమోదై 2011లో క్రఫ్ట్స్ అను ప్రఖ్యాత ప్రదర్శనమున నడచినది. చూచినవారి కండ్లకది చుక్కలకుక్కయే. జాతి చెడలేదు, లోకము తలక్రిందులు కాలేదు. చెడినది రోగము మాత్రమే.

ఇక నేటి వ్యాపారపు తీరు. చేతిఫోనులలో కనబడు ప్రకటనలను జూచినయెడల “అరుదైన రంగు” అను మాట మంత్రమువలె వినబడును. అందు ముఖ్యమైనది మెర్ల్ అను మరకలవన్నె. ఆ వన్నెను గలిగించు జన్యుభేదము 2006లో కనుగొనబడినది. తల్లిదండ్రులలో నొకరినుండి మాత్రమే అది సంక్రమించినచో బూడిదమీద నల్లమరకలు తేలి చూపరుల నాకర్షించును. ఇద్దఱినుండియు సంక్రమించినచో పిల్ల మిక్కిలి తెల్లగ బుట్టును. చెవుడును కంటిలోపములును దాని పాలబడుటకు అవకాశమధికము. కొన్నిటికి కండ్లు చిన్నవై చూపే యుండదు. మరకల తల్లిని మరకల తండ్రితో గలిపినయెడల సగటున నాలుగింట నొక పిల్లకు ఈ గతి తప్పదు. లెక్క యింత తేటగనుండగా, మరకలపిల్లలెక్కువ పుట్టుననియు, ధర యెక్కువ పలుకుననియు అట్టి జోడింపులు చేయువారున్నారు. నాలుగవ పిల్ల ప్రకటనలో గనబడదు. అదెచటికి బోయెనో కొనువారడుగరు. అట్లే నలుపు పలుచబడిన నీలిబూడిదవన్నె యరుదని డాబర్మను మొదలగు జాతులలో వెలయెక్కువ చెప్పుదురు. ఆ వన్నె కుక్కలలో పెక్కింటికి యౌవనమున బొచ్చు రాలి చర్మము పాడగునని మాత్రము చెప్పరు.

ఇప్పుడు ప్రతివాదుల మాటలను విందము. “తాతముత్తాతలనుండి వచ్చిన జాతి లక్షణమును మార్చుటకు మీరెవరు?” అని కొందఱందురు. తాతముత్తాతలు కుక్కను బెంచినది వేటకును కావలికిని, ప్రదర్శనమునకు గాదు. పంది యడుగుల చప్పుడు వినలేని కుక్కతో నే తాతయు నడవికి బోడు. నిజమైన జాతిలక్షణము ధైర్యము, వేగము, విశ్వాసము. దానిని వదలి ముక్కు రంగును బట్టుకొని వ్రేలాడువారు తాతల యాస్తిని గాపాడుట లేదు. ఆస్తి నమ్ముకొని, దాని పెట్టెను మాత్రము దాచుకొనుచున్నారు.

“చెవిటికుక్క బ్రతుకలేదా? చేతిసైగలతో నేర్పిన చక్కగ మెలగును గదా” అని మఱికొందఱు. నిజమే. ఓర్పుతో బెంచిన చెవిటికుక్క సుఖముగ బ్రతుకును. అట్టిదానిని బెంచువారికి నా నమస్కారము. పుట్టిన చెవిటిపిల్లను గాపాడుట దయ. కాని యా దయను సాకుగ జేసికొని చెవిటిపిల్లలను బుట్టించుచుండుట దయ గాదు. వీధిలో వచ్చు వాహనము చప్పుడు దానికి వినబడదు. నిద్రలోనున్నప్పుడు పసిబిడ్డ వెనుకనుండి ముట్టుకొన్న నులికిపడి కఱవవచ్చును. అప్పుడు దండన యెవరికి? తన కర్థము గాని యపరాధమునకు కుక్కకు. రంగునెన్నుకొన్న యజమానునకు గాదు.

“మనుష్యులకే తిండి లేని దేశమున కుక్కల రంగులను గూర్చి విచారమా?” అని తుదిబాణము వేయువారు గలరు. వేలకొలది రూపాయలిచ్చి రంగుపిల్లను గొనునప్పుడు ఈ దేశపు దారిద్ర్యము వీరికి జ్ఞప్తికి రాదు. ఆ పిల్ల వినునా యని విచారింపుమన్నప్పుడు మాత్రము వచ్చును. మేము చెప్పునది ఖర్చు పెంచుమని గాదు. ప్రశ్నను మార్చుమని.

నలుపును గూర్చి గూడ నొకమాట. నల్లకుక్క యపశకునమని, ఇంట నుండరాదని భావించు కుటుంబములు నేటికిని లేకపోలేదు. కాలభైరవుని కుక్కకు గుడిలో దండము పెట్టి, గుమ్మములోని నల్లపిల్లకు ముఖము చిట్లించుటలోని వింతను వారే విచారింతురు గాక. నల్లనివన్నెను గలిగించు ప్రధానమైన జన్యువేదో 2007లో తేలినది. అది దేహమును సూక్ష్మక్రిములనుండి కాపాడు పదార్థముల కుటుంబమునకు జెందినది. ఉత్తర అమెరికాలోని నల్లతోడేళ్ళకా వన్నె ప్రాచీనకాలమున కుక్కలనుండియే సంక్రమించినదని 2009లో నిరూపింపబడినది. అరణ్యమున ఎవరును ముద్దుచేసి పెంచకున్నను ఆ నలుపు అన్ని తరములు నిలిచి వృద్ధిబొందినది. అడవి మెచ్చిన రంగును మన వాకిలి మెచ్చకపోవుట విచిత్రము గాదా? మనుష్యులలో తెలుపునకు పీట వేసి నలుపును గడపవెలుపల నిలుపు బుద్ధియే కుక్కపిల్లల బుట్టకడను బనిచేయుచున్నది. పెండ్లిచూపులలో పిల్ల రంగునడుగుట తప్పని యుపన్యసించు సంస్కారులు, ఇంటికి వచ్చి కుక్కపిల్ల రంగు నడుగుట నాకు నచ్చదు.

విమర్శించి యూరకుండుట సంస్కారము గాదు గనుక చేయదగినదానిని జెప్పెదను. కొనువారు మొదట తల్లిని, వీలైన తండ్రిని జూడవలెను. ఇద్దఱును మరకలవన్నెవి యైనచో ఆ గుమ్మము దిగిపోవలెను. ఎన్ని పిల్లలు పుట్టినవి, ఇప్పుడెన్ని యున్నవి, మిగిలినవేమైనవి యని యడుగవలెను. ఈ ప్రశ్నకు తడబడువాని వద్ద గొనరాదు. పిల్ల వెనుక, దాని కంటబడకుండ, గాలి తగులకుండ మెల్లగ చప్పుడు చేసి చూడవలెను. ఐతే యీ పరీక్షవలన రెండు చెవుల చెవుడు మాత్రమే పట్టుబడును. ఒక చెవితో వినుపిల్ల ఇందులో నెగ్గును. అట్టిదానివలన నింటికి గొప్ప చిక్కు లేదు గాని దానికి సంతానము గల్గించినచో దోషము వ్యాపించును. ఒక్కొక్క చెవిలో శబ్దము చేసి, మెదడున బుట్టు విద్యుత్ స్పందనమును సన్నని తీగలతో గొలుచు బేయర్ పరీక్ష యొకటి యున్నది. అయిదు వారములు దాటిన పిల్లకు దానిని చేయవచ్చును. పశువైద్య కళాశాలలు దీనిని సామాన్యులకు అందుబాటులోనికి దెచ్చుట యత్యావశ్యకము.

పిల్లలను దీయించువారు రెండు చెవులును వినుకుక్కలను మాత్రమే జోడింపవలెను. వినుచున్న తల్లిదండ్రులకు గూడ చెవిటిపిల్ల పుట్టవచ్చును. కావున తెలుపెక్కువైన రెంటిని మరల మరల గలుపక, రంగుపిల్లలను జాతిలో నిలిపి, వానిద్వారా సంతానము సాగింపవలెను. రాజపాళయమునకు మందు సీమనుండి తెప్పింపనక్కఱలేదు. ఆ జాతి తల్లుల గర్భముననే పుట్టుచున్నది. దానిని బ్రతుకనిచ్చినచో చాలును. జాతుల నమోదు చేయు సంఘములు గులాబిముక్కునకు గాక వినికిడి పరీక్షకు గుఱుతులు వేయవలెను. ప్రభుత్వము సంగతి చూడబోయిన చట్టము లేకపోలేదు. జంతువును క్రూరముగ జంపుట 1960 నాటి చట్టము ప్రకారమపరాధము. 2017 నాటి నియమములు కుక్కపిల్లలను దీయించువారు నమోదు చేయించుకొనవలెననియు, 8 వారములు నిండని పిల్లను అమ్మరాదనియు జెప్పుచున్నవి. నమోదుపత్రమును చూపుమని యడుగు హక్కు ప్రతి గృహిణికిని గలదు. అడుగువారు లేని చట్టము అటకమీది తాళపత్రము.

చదువరులారా! ఈ విషయమున నే శాసనసభయు, నే విద్వత్సభయు చేయజాలని పనిని మీరు గుమ్మములో నిలువబడి చేయగలరు. అమ్ముడువోనిదానిని ఎవరును బుట్టింపరు. మీరు రంగునడిగిన రంగును బుట్టింతురు. ఆరోగ్యమునడిగిన ఆరోగ్యమును బుట్టింతురు. పిల్లలు కుక్కపిల్ల కావలెనని మారాము చేసినప్పుడు “ఏ రంగుది తెత్తము?” అని వారినడుగకుడు. “పిలిచిన పలుకునది తెత్తము” అని చెప్పుడు. రోడ్డుప్రక్కన నెఱ్ఱనిదో నల్లనిదో మచ్చలదో యొక యూరకుక్క పిల్ల, చెవులు రిక్కించి, మీ యడుగుల చప్పుడునకే తోక యాడించుచు నుండును. దాని రంగునకు వెల లేదు గనుక దానిని జూచువారు లేరు. కాని మీ వాకిట అర్ధరాత్రమున అపరిచితుని యడుగు పడినప్పుడు మేల్కొనునది చెవియే గాని బొచ్చు గాదు.